పోప్లార్ చెట్టుకు లొట్లు

జర్మన్లు కంచె ఎత్తు కొలుస్తారు గాని, తలెత్తి చెట్టువంక చూడరు. ఈ సంగతి కనిపెట్టింది కావ్యశ్రీ. కరోనా వచ్చి యూనివర్సిటీకి తాళం పడ్డ వేసవిలో, డ్రెస్డెన్ శివార్లలో ఛాయాదేవి గారి తోటముక్కలో కూర్చుని, లాప్‌టాప్‌లో క్లాసులు వింటూ కనిపెట్టింది. ఊళ్ళోవాళ్ళకు అద్దెకిచ్చే అలాంటి తోటముక్కల్ని అక్కడ ష్రేబర్‌గార్టెన్ అంటారు. మనిషికి జానెడు నేల, ఒక చెక్కగుడిసె, బారెడు నిబంధనలు. కంచె నడుమెత్తు దాటకూడదు, ఆదివారం గడ్డి కోయకూడదు, కొంత నేలలో కూరగాయలే పండించాలి. ఇవన్నీ జరిగేట్టు చూడటానికి హెర్ ష్రామ్ అని ఒక సంఘాధ్యక్షుడున్నాడు. జేబులో కొలతటేపు లేకుండా ఆయన ఇల్లు కదలడు. శనివారం శనివారం వచ్చి కంచె కొలిచి, వేలెడు ఎక్కువుంటే పెళ్ళికి పిలవని మేనమామలా మొహం పెట్టుకుని వెళ్ళేవాడు. ఆయన చూపు నేలమీద మొదలై కంచె దగ్గర ఆగిపోయేది. కంచె అవతల మునిసిపాలిటీవాళ్ళ పోప్లార్ చెట్లు వరసగా, నిటారుగా నిలబడి ఉండేవి. వాటి కొనల్లో ఏముందో ఆయనకెందుకు?

ఉన్నది గంజాయి.

ఛాయాదేవి గారిది కాకినాడ. ఆవిడ భర్త తూర్పు జర్మనీ రోజుల్లో ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి, తర్వాత ఆవిడను తెచ్చుకుని, అక్కడే ఉద్యోగం చేసి, అక్కడే కాలం చేశాడు. దేశమంతా గోడ కూలిందని వీధుల్లోకి పరిగెత్తిన రాత్రి ఆవిడ వంటింట్లో పప్పు పోపు పెడుతోందట. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఇంట్లో ఒక గది కావ్యశ్రీకి అద్దెకిచ్చింది. ఆంటీ అంటే గిట్టదు గనుక కావ్యశ్రీ చిన్నమ్మా అని పిలిచేది. పోయిన చలికాలం ఆవిడ కడుపులో కేన్సర్ బయటపడింది. ఇక అప్పట్నుంచీ నొప్పి, వాంతులు, అన్నం వాసనొస్తే తల తిప్పుకోవడం. పప్పులో ఇంగువ తగ్గితే మూడిళ్ళ అవతలికి వినపడేలా తిట్టే మనిషి నాలుగు మెతుకులు కతికి చెయ్యి కడుక్కుంటుంటే కావ్యశ్రీకి ఏడుపొచ్చేది.

గంజాయి మందుగా డాక్టరు రాస్తే జర్మనీలో దొరుకుతుంది. డాక్టరు రాశాడు కూడా. బీమావాళ్ళు ఒప్పుకోలేదు. మళ్ళీ అడిగితే, మిగతా మందులన్నీ వాడి చూశాక రమ్మన్నారు. అవన్నీ వాడి చూసేదాకా ఈవిడ ఉండాలి కదా అన్న ఆలోచన వాళ్ళకు రాలేదు. ఈలోగా ఎవరో పాత స్నేహితురాలు తెచ్చిచ్చిన కాస్త గంజాయి ఒకపూట పుచ్చుకుని, ఆవిడ వంకాయ కూరతో అన్నం రెండోసారి వడ్డించుకుంది. ఆ పూటే నిశ్చయానికొచ్చేసింది.

"నా కడుపునొప్పికి ఇంకోడి సంతకమేమిటే," అంది కావ్యశ్రీతో. "నారు తెప్పించాను. ఎక్కడ పెట్టాలో అది చెప్పు."

తోటలో పెడితే ష్రామ్ చూస్తాడు. బాల్కనీలో పెడితే ఎదురింటివాళ్ళు చూస్తారు. దొరికితే ముసలావిడకు కోర్టు, కావ్యశ్రీకి వీసా పోయి ఇంటిదారి. అన్నీ తెలిసే కావ్యశ్రీ కంచె మీదుగా పోప్లార్లవైపు చూసింది. ఆ చూపు ఆమెకు పుట్టుకతో వచ్చింది.

ఆమె నాన్న కోటయ్య భువనగిరి దగ్గర కల్లు గీసేవాడు. కొడుకుల్లేరు. కూతురు మారాం చేస్తే కాదనలేక, తెల్లవారక ముందే తాళ్ళవనానికి తీసుకెళ్ళి చెట్టెక్కడం నేర్పాడు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టే మోకు పిల్ల ఒంటికి సరిపోయేట్టు కుదించి కట్టేవాడు. ఒకనాడు ఎవరో చూశారు. ఆడపిల్ల మోకు ముట్టుకుంటే తాళ్ళకు కల్లు పారదని గీతసంఘం పెద్దలు కోటయ్యను కూర్చోబెట్టి కడిగేశారు. ఆ ఏడు ఆయన వంతు చెట్లు వేరేవాళ్ళకిచ్చారు. కోటయ్య బిడ్డను పల్లెత్తు మాటనలేదు. ఆమె మాత్రం ఆనాటి నుంచి చెట్టు సంగతే ఎత్తలేదు. డ్రెస్డెన్‌లో ఎవరైనా మీ నాన్నగారేం చేస్తారంటే, వ్యవసాయం అని చెప్పి మాట మార్చేది. అయితే జర్మనీ బయల్దేరిన రోజున కోటయ్య పచ్చళ్ళ పొట్లాల కింద ఆ మోకు మడతపెట్టి సర్దాడు.

ఇదెందుకు నాన్నా అంటే, "ఏమో బిడ్డా, బట్టలారేసుకోను పనికొస్తది," అన్నాడు.

పోప్లార్ ఎక్కడం తాటిచెట్టు ఎక్కినంత తేలిక కాదు. తాటికి కొమ్మలుండవు, మోకు జరుపుకుంటూ పోవడమే. కొమ్మ కనబడితే లోకమంతా ఆసరా దొరికిందనుకుంటుంది, గీసేవాళ్ళ బిడ్డకు మాత్రం అది అడ్డం. కొమ్మ కొమ్మకూ మోకు విప్పాలి, మళ్ళీ చుట్టాలి. మొదటిరోజు కావ్యశ్రీ చేతులు దోక్కుపోయాయి. రెండోరోజుకు పాదాలకు పాత విద్య గుర్తొచ్చింది. గుడిసెలో పడున్న గుండ్రటి మట్టికుండల్లో మొక్కలు పెట్టి, మెడకు తాడేసి, ఒక్కొక్కటే పైకి లాక్కుని, ఎండ తగిలే వైపు కొమ్మలకు కట్టింది. తమ ఊళ్ళో లొట్టి, అంటే కల్లుకుండ, ఎలా కడతారో అచ్చం అలాగే కట్టింది. ఇంకోలా కట్టడం ఆ చేతులకు రాదు. పైన గాలి, ఎండ, ఊరి చివర మెరిసే ఎల్బ నది. లాక్‌డౌన్‌లో గదిలో కుక్కుకున్న ఊపిరంతా అక్కడ వదిలింది. తాను ఇన్నేళ్ళూ దేన్ని దాచిపెట్టుకుందో ఆ పొద్దు ఆమెకు అర్థమైంది.

వేసవంతా అలా గడిచింది. కావ్యశ్రీ నీళ్ళు పోయడానికి ఎక్కితే, ఛాయాదేవి కింద కుర్చీ వేసుకుని కాపలా. ష్రామ్ వస్తే నత్తల గురించి ఎత్తుకునేది. కూరపాదుల మీద నత్తలు పడితే ఏం చెయ్యాలన్న విషయం మీద జర్మనుడితో గంటసేపు మాట్లాడవచ్చు. ఆయన బట్టతలకు సరిగ్గా పైన కావ్యశ్రీ ఊపిరి బిగబట్టి వేలాడేది. ఆయన వెళ్ళాక ఇద్దరూ నవ్వాపుకోలేక చచ్చేవారు.

అంతా బాగానే ఉంది గాని, కావ్యశ్రీ ఒక్క సంగతి మరిచిపోయింది. ఆమె ఎరిగిన చెట్టు ఆకు రాల్చదు. తాటికమ్మ ఎండినా చెట్టునే వేలాడుతుంది. అక్టోబరు రాగానే పోప్లార్లు పసుపు తిరిగాయి. ఒక్క వారం గాలివాన కొట్టేసరికి సగం చెట్టు బోసిపోయి, కొనల్లో కుండలు నలుగురికీ కనబడేట్టు తేలాయి. అవి మరో నాలుగు రోజుల్లో కోతకొస్తాయి. ఛాయాదేవికి ఆ చలికాలపు తిండంతా వాటిలోనే ఉంది. ఉన్నపళంగా దించేద్దామంటే, ఆగవే, కాయ పండకుండా కోస్తారా అని ఆవిడే ఆపింది.

జర్మన్లు అప్పటికీ చూడలేదు. చూసినవాడు రాకేష్.

రాకేష్‌ది సూర్యాపేట. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, కరోనా పుణ్యమా అని దేశం వెళ్ళక ఏడాది దాటింది. సాయంత్రం నడకకొచ్చి ఎందుకో తలెత్తాడు. చెట్టు కొనన మెడకు తాడేసిన మట్టికుండలు. మాను మీద మోకు రాసుకున్న చారలు. వాడి కళ్ళు చెమర్చాయి. అది ఏం చెట్టు, దానికి కల్లు పారుతుందా అని దప్పికతో ఉన్నవాడు అడగడు. ఫొటో తీసి డ్రెస్డెన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. మన్నోడెవడో ఈడ కల్లు గీస్తున్నడు, ఐతారం పోదాం అని కింద రాశాడు. కరోనా నిబంధనలు పంపితే చదవని గ్రూపు ఆ ఒక్క కబురుకు కదిలింది.

ఆదివారం మధ్యాహ్నం కావ్యశ్రీ, ఛాయాదేవి గుడిసె ముందు ఎండలో కూర్చున్నారు. ఆ సాయంత్రం బతుకమ్మ ఆడదామని ఊళ్ళోని తెలుగు సంఘం శాంతక్క పిలిస్తే, కావ్యశ్రీ అప్పటికే చీర కట్టుకుని ఉంది. అవతల ఏదో గోలగా ఉంటే లేచి చూసింది. పోప్లార్ల కింద ఊళ్ళోని తెలుగువాళ్ళంతా ఉన్నారు. స్టీలు గ్లాసులు, ఉడకేసిన శనగ గుడాలు, ఒకడి చేతిలో వేపిన చేపలు. తాటాకు దొప్ప దొరక్క ఒకడు కేకు డబ్బా తెచ్చుకున్నాడు. శాంతక్క భర్త విశ్వనాథం సారు తెలుగు సంఘం పెద్ద గనుక, వద్దనడానికి వచ్చానంటూనే ఒక గ్లాసు పట్టుకొచ్చాడు. శాంతక్క, ఇంకో నలుగురు ఆడవాళ్ళు పూలబుట్టలతో ఉన్నారు, ఇట్నుంచి ఇటే బతుకమ్మకు పోదామని. రాకేష్ మెడ చాచి పైకి చూస్తూ, అన్నా, దిగే యాళ అయింది అంటున్నాడు.

కావ్యశ్రీ గబగబా కంచె దగ్గరికి నడిచింది.

ఇంతమంది గుమికూడకూడదని రూలున్న రోజులు. ష్రామ్ ఫోను చేయడం, పోలీసులిద్దరు రావడం చిటికెలో జరిగిపోయాయి. జనాన్ని విడగొట్టేసి వెళ్ళిపోదామనుకున్నవాళ్ళే. కాని అందరూ మెడలు ఎందుకు చాచారో చూద్దామని ష్రామ్ కూడా జీవితంలో మొదటిసారి తలెత్తాడు. ఎత్తి, చాటుగా అంత ఎత్తున పెట్టినవి మత్తుమొక్కలే అయ్యుంటాయని అరిచాడు. రాకేష్‌కు రోషమొచ్చింది. మా సంస్కృతిని మత్తంటావా అని, వచ్చీరాని జర్మన్‌లో అది తాళ్ళకు దొరికే కల్లని వివరించాడు. పోలీసు చెట్టువంక ఎగాదిగా చూసి, ఇది తాడిచెట్టా అని అడిగాడు. రాకేష్ అప్పుడు మొదటిసారి చెట్టును చూశాడు.

కింద నుంచి చూస్తే కుండ అడుగులే గాని మొక్కలు తెలియవు. అంత ఎత్తుకు పోలీసులు ఎక్కలేరు. నిచ్చెనబండిని పిలిపించమని ష్రామ్ పట్టుబట్టాడు. ఆదివారం నాడు కుండల కోసం ఫైరింజన్ రాదనీ, సోమవారం పొద్దున వస్తుందనీ వాళ్ళు తేల్చేశారు. ఐదుగురికి మించి ఉండొద్దని చెప్పి వెళ్ళిపోయారు. ష్రామ్ మూడింటి కాఫీకీ కేకుకీ ఇంటికి పోయాడు. ఆకాశం విరిగి పడ్డా ఆయన ఆ వేళ తప్పడు.

మగవాళ్ళు ట్రామ్ దారి పట్టినట్టే పట్టి తోటల చివరి కంచె అవతల ఆగిపోయారు. విశ్వనాథం సారు కదల్లేదు. ఆయన ఖాళీ గ్లాసులో పైనుంచి ఆకొకటి రాలి పడింది. అది పోప్లార్ ఆకు కాదు. వేళ్ళు విప్పిన చెయ్యిలా ఉన్న ఆ ఆకును చూసి ఆయన మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ పిల్లలకు ఇళ్ళు వెతికిపెట్టి, వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్లు ఇప్పించి, తెలుగువాళ్ళంటే మంచివాళ్ళన్న పేరు తెచ్చిన మనిషి. కావ్యశ్రీని పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. రేపు నిచ్చెన ఎక్కినవాడు అది చూస్తే పోయేది ఒక్క నీ వీసానే కాదు, రేపట్నుంచి మనవాడికెవడికీ ఇల్లు అద్దెకియ్యరు, నువ్వే పోయి ఒప్పుకో, వకీలును నేను మాట్లాడతా అన్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు బిడ్డా, ఇది పాలు గూడ కాదు గదా అన్నాడు. ఆయన భయంలో అబద్ధమేమీ లేదు.

ఛాయాదేవి కర్ర పొడుచుకుంటూ కంచెదాకా వచ్చింది. ఈ కాస్త నడకకే ఆవిడకు ఆయాసం, పెదవులు తెల్లబడ్డాయి.

"అవి నావండీ విశ్వనాథంగారూ. మీ తులసివనంలో గంజాయిమొక్కను నేను. పిల్ల జోలికి పోకండి. రేపు నేనే చెబుతాను, జైల్లో వేస్తే వెయ్యమనండి, అక్కడైనా కాస్త మందిస్తారు."

"నువ్వూకో చిన్నమ్మా," అంది కావ్యశ్రీ. గుడిసెలోకి వెళ్ళి మోకు తెచ్చింది.

ఆమె చీర గోచి పోసి కడుతుంటే విశ్వనాథం సారుకు అర్థమై చెయ్యి అడ్డం పెట్టాడు. అందరూ చూస్తున్నరు అన్నాడు. కంచె అవతల మగవాళ్ళు, ఇవతల ఆడవాళ్ళు, నిజంగానే అందరూ చూస్తున్నారు. ఒకప్పుడు ఆ చూపులకే ఆమె తాటివనం వదిలేసింది, నాన్న పని పేరు కూడా మార్చి చెప్పుకుంది. ఇప్పుడు తనకు భయం వెయ్యకపోవడం చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. భయానికి బదులు ఒళ్ళంతా కోపం. ముద్ద మింగలేని మనిషిని ఇంకో కాయితం తెమ్మన్నవాళ్ళ మీద, కంచె కొలిచేవాడి మీద, చెట్లు గుంజుకున్న సంఘం మీద, ఇన్నేళ్ళు దాక్కున్న తన మీద.

"చూడనియ్యిండ్రి అంకుల్," అంది. గొంతు పెంచింది, కంచె అవతలికి కూడా వినపడాలని. "మా నాయిన వ్యవసాయం చెయ్యడు. తాళ్ళెక్కుతడు. ఈ లొట్లు కట్టింది నేను. ఇయ్యాల దించేది గూడ నేనే. రేపు ఎవరన్న అడిగితే మీ ఇష్టం, ఏం చెప్పుకుంటరో చెప్పుకోండ్రి."

ఎక్కింది. పట్టుచీర అంచు మోకాళ్ళ పైకి బిగించి, కొమ్మ కొమ్మకూ మోకు విప్పి చుడుతూ, ఎక్కడా ఆగకుండా ఎక్కింది. రాకేష్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. కుండలు ఒక్కొక్కటే తాడు మీద దిగాయి. ఛాయాదేవి అందుకుని గుడిసెలోకి చేరేసి, మొక్కలు కోసుకుని కుండలు బయట పెట్టింది, ఆయాసపడుతూ, ఎవరినీ ముట్టనివ్వకుండా.

కావ్యశ్రీ దిగి వచ్చాక అసలు చిక్కు గుర్తొచ్చింది. కుండలున్నాయని పోలీసులు చూసిపోయారు. రేపటికి మాయమైతే ఒప్పుకున్నట్టే. మొక్క పీకిన ఉత్త కుండ కట్టినా ఎవడూ నమ్మడు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే శాంతక్క తన బుట్ట మీద బట్ట తీసింది. నిండా బంతిపూలు, చామంతులు.

శాంతా అని వారించబోయాడు విశ్వనాథం సారు. ఆమె తలెత్తలేదు. నేను అబద్ధం చెప్పలేను, అడిగితే నిజమే చెప్తా అన్నాడాయన.

"చెప్పు. మీ అమ్మ మంచాన పడ్డప్పుడు మూడు నెలలు ముద్ద దిగక ఎట్ల పోయిందో నేను చూసిన. నువ్వు ఆఫీసుల ఉన్నవ్," అంది శాంతక్క, ఒక కుండ ముందేసుకుని. "రాండ్రే, పేర్చుదాం."

ఐదుగురు ఆడవాళ్ళు, పూలు పేర్చేవాళ్ళ వరకే లెక్కేస్తే పోలీసుల లెక్కకు సరిగ్గా సరిపోయారు, గడ్డిలో కూర్చుని కుండకొక బతుకమ్మను పేర్చారు. పూలు చాల్లేదు. పక్కనే ష్రామ్ తోటలో డాలియా పూలు పళ్ళేలంత ఉన్నాయి. నీళ్ళలో వదలాల్సిన బతుకమ్మను చెట్టెక్కిస్తే గౌరమ్మ ఏమనుకుంటుందో అని ఒకామె సందేహపడింది. ఆడమనిషి కోసం ఎక్కితే ఏమనుకోదులే అని శాంతక్క తేల్చింది. విశ్వనాథం సారు కాసేపు నిలబడి, కాసేపు తిరిగి, చివరికి వంగి తాడు కొస పట్టుకున్నాడు. కుండ పైకి పోయేటప్పుడు పూలు చెదరకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.

కావ్యశ్రీ మళ్ళీ ఎక్కింది. ఈసారి కంచె అవతలి నుంచి చప్పట్లు వినిపించాయి. రాకేష్ వీడియో తీశాడు.

సోమవారం నిచ్చెనబండి వచ్చింది. ష్రామ్ అందరికంటే ముందే వచ్చాడు. నిచ్చెన పొడుగ్గా సాగి కొనకు చేరాక, పైనున్నవాడు కుండలోకి చూసి, అటూ ఇటూ తిప్పి చూసి, పడీ పడీ నవ్వాడు. ఒకటి కిందకు తెచ్చాడు. పసుపు, నారింజ, ఎరుపు వరసలు ఒక్క పువ్వు చెదరలేదు. ఇవి చెట్టెందుకు ఎక్కాయని పోలీసు అడిగాడు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. కావ్యశ్రీ అంతకంటే అందంగా, కళ్ళలోకి చూస్తూ, తమ పండుగ అని చెప్పింది, దేవతను ఎత్తు మీద పెట్టుకుంటామంది. విశ్వనాథం సారును అడిగారు. ఆయన గొంతు సవరించుకుని, అవును, పండుగే అన్నాడు. తర్వాత ఎవరివంకా చూడలేదు. ష్రామ్ మాత్రం డాలియాలను గుర్తుపట్టాడు. అవి తనవని పోలీసుతో అంటే, కంచె ఎత్తు దాటి పెరిగినవే కోశామని కావ్యశ్రీ వినయంగా చెప్పింది. ఆయన చెయ్యి జేబులోని టేపు మీదికి పోయి ఆగిపోయింది.

వీడియో రాకేష్ చేతిలోంచి సూర్యాపేటకూ, అక్కడినుంచి భువనగిరికీ పోయింది. గీతసంఘం పెద్దలు ఫోను పట్టుకుని కోటయ్య ఇంటికి వచ్చారట. ఆడపిల్ల మోకు ముట్టుకుంటే చెట్లు పారవంటిరి గదా, అది కల్లుచెట్టే కాదు, ఇంకేం చేస్తరు అని కోటయ్య వాళ్ళకు చాయ్ పోయించి పంపేశాడట. కూతురితో మాత్రం ఫోనులో ఒక్కటే అడిగాడు, కొమ్మలున్న చెట్టు మీద మోకు ఎన్నిసార్లు విప్పాల్సి వచ్చిందని. ఆమె చెప్పింది. ఆయన చాలాసేపు ఊఁ అంటూ ఉండిపోయాడు.

మొదటి మంచు పడ్డ రోజు ఛాయాదేవి పప్పులో ఇంగువ తగ్గిందని కావ్యశ్రీని తిట్టింది. తిట్టి, నెయ్యి వేయించుకుని, పళ్ళెం ముందుకు తోసి ఇంకాస్త పెట్టమంది. కావ్యశ్రీ వడ్డిస్తుంటే ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. డాక్టరు ఈ చలికాలం గడవడం గురించే మాట్లాడాడు గాని, వేసవి మాట ఎత్తలేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

"వచ్చే ఏడు ఆ చివరి కొమ్మకు కట్టవే," అంది ఛాయాదేవి, ముద్ద కలుపుకుంటూ. "ఆ నిచ్చెనవాడికి అందకూడదు."

"కడత చిన్నమ్మా," అంది కావ్యశ్రీ. "తిను."

ఆవిడ తింది.